పాఠం ఆగిన చోటి నుంచి

(గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాసం. ఉచిత బోధన వనరుల గురించి ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఉపాధ్యాయ మిత్రులు అలవాటు ప్రకారం ముందు వరసలు ఖాళీగా వదిలేసి వెనక కూర్చున్నారు.

గిడుగు వారి పేరెత్తితే వ్యావహారిక భాషోద్యమం గుర్తుకొస్తుంది. ఏటా ఆగస్టు 29న బడుల్లో చెప్పుకునేదీ అదే. ఈ రోజు నేను దాని జోలికి వెళ్ళను. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న రోజుల్లో తలకెత్తుకున్న పని ఇంకొకటుంది. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ళ పిల్లలకు చదువు చెప్పాలంటే వాళ్ళ భాషలో పుస్తకం లేదు. పుస్తకం రాద్దామంటే ఆ భాష ఈయనకు రాదు. ముందు భాష నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు, కథలు తయారుచేశారు. సొంత డబ్బు పెట్టి బడులు నడిపారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వం తరఫున అచ్చయ్యే నాటికి ఆయనకు అరవై ఏడు దాటాయి. అంటే మొదట పిల్లల కోసం వాచకం, ఎంతో కాలానికి పండితుల కోసం వ్యాకరణం. ఆ వరస నాకు ఇష్టం.

ఆయనకు వెతుక్కునే పని లేదు, ఎందుకంటే వెతికితే దొరికేది ఏమీ లేదు. మన సంగతి తలకిందులు. ఫోన్‌లో పాఠం పేరు కొడితే చాలు, వీడియోలు, వర్క్‌షీట్లు, పీపీటీలు, మోడల్ పేపర్లు వరద కడతాయి. వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే వచ్చిపడే పీడీఎఫ్‌ల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. యూనిట్ ప్లాన్, పీరియడ్ ప్లాన్, చివరికి పాఠం అయ్యాక మన అనుభూతి ఎలా ఉందో రాయాల్సిన కాలమ్‌తో సహా నింపి పంపేవాళ్ళున్నారు. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకం అని మనవాళ్ళు వేళాకోళమాడతారు. ఆ లెసన్ ప్లాన్లు చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తుకొస్తుంది. ఎంఈఓ గారి తనిఖీకి అవి పనికొస్తాయి, కాదనను. తరగతిలో మూడో బెంచీలో కూర్చున్న పిల్లకు ఏం అర్థం కాలేదో వాటిలో ఉండదు.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే: వెతకడం సబ్జెక్టు పేరుతో మొదలుపెట్టకండి, పాఠం పేరుతోనూ వద్దు. పిల్లలు ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఒక ఉదాహరణ విప్పి చూపిస్తాను.

రుతువుల పాఠం. ఎండాకాలం ఎందుకొస్తుంది అని అడిగితే ఏ తరగతిలోనైనా సగం చేతులు లేస్తాయి. ‘సూర్యుడు మనకు దగ్గరగా వస్తాడు సార్!’ పుస్తకంలో భూమి అక్షం వంపు గురించి ఉంటుంది, బొమ్మ ఉంటుంది, పిల్లలు దాన్ని అప్పజెప్తారు, పరీక్షలో రాస్తారు. ఆ తర్వాత కూడా సూర్యుడు దగ్గరగా వస్తాడనే అనుకుంటూ ఉంటారు. బీఈడీ పూర్తిచేసినవాళ్ళలోనూ ఈ నమ్మకం ఉంది. డైట్‌లో పాఠాలు చెప్పిన అనుభవంతో అంటున్నాను. ఇప్పుడు మీరు ‘రుతువులు వీడియో’ అని వెతికితే పుస్తకంలో బొమ్మే రంగుల్లో తిరుగుతూ కనిపిస్తుంది. ఆగిన చోటు కదలదు. ‘సూర్యుడికీ భూమికీ దూరం, నెలవారీగా’ అని వెతకండి. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరానికి. అతి దూరంగా ఉండేది జులై మొదట్లో, 15 కోట్ల 21 లక్షలు. సంక్రాంతి ముందు చలికి వణుకుతున్నప్పుడే సూర్యుడు దగ్గరున్నాడన్నమాట. ఈ రెండు అంకెలు నల్లబల్ల మీద రాస్తే తరగతి ఒక్కసారి నిశ్శబ్దమవుతుంది. పాఠం అక్కడ మొదలవ్వాలి.

తర్వాతి మెట్టుకు స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్ ఉంది. 2000లో మొదలైన ఈ ఆకాశ దర్శినిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఒకసారి దించుకుంటే నెట్ అవసరం లేదు. మీ ఊరు పెట్టి, సమయం మిట్టమధ్యాహ్నం దగ్గర ఆపి, తేదీ మాత్రం నెలనెలా జరుపుతూ పొండి. హైదరాబాద్‌లో డిసెంబరు 21న మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. మే 9కి నడినెత్తికి వస్తాడు. జూన్ 21కి కాస్త ఉత్తరానికి దాటిపోతాడు. పిల్లలకు ఇది చూపించి వదలొద్దు, మీటరు కర్ర ఒకటి మైదానంలో నిలబెట్టించండి. డిసెంబరు 21 మధ్యాహ్నం దాని నీడ సుమారు 86 సెంటీమీటర్లు. మే 9న సున్నా. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండే ఈ ‘శూన్య ఛాయా దినం’ మన దేశంలో కర్కటరేఖకు దక్షిణాన ఉన్న ప్రతి ఊరికీ ఏడాదిలో రెండుసార్లు వస్తుంది. ఊరి అక్షాంశాన్ని బట్టి తేదీ మారుతుంది. తిరుపతికి ఏప్రిల్ చివర, ఆదిలాబాద్‌కు మే మూడో వారంలో. చిక్కేమిటంటే అప్పుడు మనకు సెలవులు. రెండోసారి హైదరాబాద్‌కు ఆగస్టు 3న, తిరుపతికి ఆగస్టు మధ్యలో వస్తుంది. అప్పుడు బడులు ఉంటాయి, మబ్బులూ ఉంటాయి. మబ్బు పట్టినా దిగులు లేదు. ముందు వారం, తర్వాతి వారం కొలిచిన నీడలతో గ్రాఫు గీసి మధ్యలో సున్నా ఎక్కడొస్తుందో పిల్లలే లెక్కగడతారు. గడియారంలో పన్నెండుకు కాదు, హైదరాబాద్‌లో అయితే ఆగస్టులో పన్నెండూ ఇరవై దాటాక చూడాలని చెప్పడం మరిచిపోకండి. ఎందుకలా అని వాళ్ళు అడిగితే భారత ప్రామాణిక కాలం పాఠం మీ చేతికి వచ్చేసినట్టే.

చూశారా, సామగ్రి అంతా ఉచితమే. కానీ దేన్ని వెతకాలో చెప్పింది మాత్రం ‘దగ్గరగా వస్తాడు సార్’ అన్న పిల్లవాడు.

ఇక సబ్జెక్టుల వారీగా కొన్ని చోట్లు చెప్తాను. అన్నీ చెప్పను, నాకు తెలిసి బాగున్నవే చెప్తాను.

సైన్సులో మొదట తలుచుకోవాల్సింది అరవింద్ గుప్తా గారిని. కాన్పూరు ఐఐటీలో చదివిన ఇంజినీరు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో పదహారు బడులతో మొదలైన విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమంతో ఆయనకు సంబంధం ఉంది. పల్లెటూరి బడిలో, సంతలో దొరికే వస్తువులతో, పిల్లల చేతుల మీదుగా సైన్సు చెప్పాలన్నది ఆ కార్యక్రమం పట్టుదల. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసినా ఏకలవ్య సంస్థ వేసిన ‘బాల వైజ్ఞానిక్’ పుస్తకాలు ఇప్పటికీ దొరుకుతాయి. గుప్తా గారు చెత్తలోంచి బొమ్మలు చేసి, వాటి వీడియోలు, వేలాది పుస్తకాలు తన వెబ్‌సైటులో ఎవరైనా తీసుకునేలా పెట్టారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలు కొన్నిటిని ‘మంచి పుస్తకం’, జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు తెలుగులోకి తెచ్చారు.

ఆయన బొమ్మల్లో నాకు ప్రాణం చిన్న విద్యుత్ మోటారు. టార్చి సెల్లు ఒకటి, పిన్నీసులు రెండు, సైకిల్ ట్యూబు ముక్క, పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం, మోటారు వైండింగు షాపులో అడిగితే ఇచ్చే రాగి తీగ. తీగను చుట్టగా చుట్టి, రెండు కొసలు బయటికి తీసి, పిన్నీసుల బెజ్జాల్లో వేలాడదీస్తారు. వీడియో చూస్తే రెండు నిమిషాల పని. ఒక శిక్షణ తరగతిలో ఇది చేయించినప్పుడు సగంమంది చుట్టలు ఊగాయి గానీ తిరగలేదు. ‘కొసలు శుభ్రంగా గీకేశాం సార్, కనెక్షన్ బాగానే ఉంది’ అన్నారు. అక్కడే ఉంది కిటుకు. రాగి తీగకు పైన వార్నిష్ పూత ఉంటుంది. ఒక కొసన దాన్ని చుట్టూ గీకాలి. రెండో కొసన సగం చుట్టూ మాత్రమే గీకి మిగతా సగం పూత ఉంచేయాలి. మొత్తం గీకేస్తే చుట్ట అర చుట్టు తిరిగాక అయస్కాంతం దాన్ని మళ్ళీ వెనక్కి నెడుతుంది, అందుకే ఊగులాట. సగం పూత ఉంటే సరిగ్గా ఆ అర చుట్టులో కరెంటు ఆగి, చుట్ట తన ఊపుతోనే ముందుకు పోతుంది. పదో తరగతి పుస్తకంలో కమ్యుటేటర్ అని వచ్చే భాగం చేసే పనీ ఇలాంటిదే. ఊగి ఆగిపోయిన చుట్ట ఆ రోజు వాళ్ళకు నేర్పినంత, గిర్రున తిరిగిన చుట్ట నేర్పలేదు. వీడియోలో ఎప్పుడూ తిరిగిన చుట్టే ఉంటుంది. అందుకని ఉచిత వీడియో దొరికితే ముందు మీరు చేసి చూడండి, తరవాత పిల్లల చేత చేయించండి, వీడియో అన్నిటికన్నా చివర చూపించండి.

చేతికి అందని వాటికి, అంటే అణువులు, తరంగాలు, కండక్టర్‌లో ఎలక్ట్రాన్ల ప్రవాహం లాంటివాటికి, ఫెట్ సిమ్యులేషన్లు ఉన్నాయి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. వీటిలో నాకు నచ్చే గుణం ఒకటుంది: సిమ్యులేషన్‌ను ఒక్క ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే నెట్ లేని బడిలోనూ నడుస్తుంది. మీ బడిలో ఐఎఫ్‌పీ బోర్డు ఉండి, వైఫై లేక దాన్ని సినిమా పాటలకు వాడుతుంటే ఇది మీకోసమే. లెక్కలకు ఫెట్‌లోనే భిన్నాల మీద మంచివి ఉన్నాయి. రేఖాగణితానికి జియోజెబ్రా. 2001లో ఆస్ట్రియా విద్యార్థి మార్కస్ హోహెన్‌వార్టర్ పీజీ ప్రాజెక్టుగా మొదలైంది. త్రిభుజం శీర్షాన్ని వేలితో లాగుతూ పోతే కోణాలు మారుతున్నా మొత్తం 180 దగ్గరే ఉండటం పిల్లలు కళ్ళారా చూస్తారు. దాన్ని నిరూపణ అనుకోకుండా చూసుకోవాల్సిన బాధ్యత మాత్రం మనది.

సోషల్ టీచర్లకు ఉన్న ఖజానా ఇంకెవరికీ లేదు, వాడేవాళ్ళే తక్కువ. జనగణన శాఖ ప్రతి జిల్లాకూ ఒక డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్ వేస్తుంది. 2011వి అన్నీ ఉచితంగా దించుకోవచ్చు. ప్రతి రెవెన్యూ గ్రామానికీ అందులో ఒక వరస: ఇళ్ళెన్ని, జనమెంత, ఆడవాళ్ళెంతమంది, చదువొచ్చినవాళ్ళెంతమంది, వ్యవసాయ కూలీలెందరు, బడి ఉందా, లేకపోతే ఎంత దూరం, సాగునీరు కాలవదా చెరువుదా బోరుదా. ఇక్కడ ఒక మెలిక. ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే మీ ఊరు దొరక్కపోవచ్చు. 2011లో ఉమ్మడి రాష్ట్రానికి 23 జిల్లాలే. మంచిర్యాల వాళ్ళు ఆదిలాబాద్‌లో, పార్వతీపురం వాళ్ళు విజయనగరంలో వెతకాలి. దొరికాక ఆ వరసను పిల్లలకిచ్చి, ఇప్పుడు ఊళ్ళో ఏం మారిందో వీధుల వారీగా తిరిగి రాసుకు రమ్మనండి. చెరువు కింద సాగు అని 2011లో రాసి ఉన్న చోట ఇప్పుడు బోర్లు ఎన్ని వచ్చాయో వాళ్ళే చెప్తారు. ఆ చెరువును ఇస్రో వాళ్ళ భువన్ పటాల్లో పైనుంచి చూపించండి. 2009లో మొదలైన ఈ సేవ వెనక హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. ‘గ్రామీణ భారతదేశం’ అని పాఠం చెప్పేటప్పుడు ఆ భారతదేశంలో తమ ఊరు కూడా ఉందని పిల్లలకు తట్టకపోతే ఆ పాఠం ఎందుకు?

తెలుగు టీచర్లకు ఆంధ్రభారతి నిఘంటువు ఒక్కటి చాలు, మిగతావి లేకపోయినా గడిచిపోతుంది. శబ్దరత్నాకరం, బ్రౌణ్యం, సూర్యరాయాంధ్రం అన్నీ ఒకే చోట, ఒకే వెతుకుడుకు. ప్రాచీన, ఆధునిక గ్రంథాల మూలపాఠాలకు తెలుగు వికీసోర్స్, స్కాన్ చేసిన పాత పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్. చిన్న తరగతులకు, తెలుగుకైనా ఇంగ్లీషుకైనా, ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్. 2015 సెప్టెంబరు 8న, అక్షరాస్యతా దినోత్సవం రోజున మొదలైంది. కథలు చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా ఉంటాయి. మూడో తరగతిలో ఉండి ఒకటో మెట్టు దగ్గర ఆగిన పిల్లకు ఒకటో మెట్టు కథే ఇవ్వొచ్చు, మూడో తరగతి వాచకంతో కుస్తీ పట్టించక్కర్లేదు. హిందీకీ అక్కడే దొరుకుతాయి. ఇంగ్లీషు వినిపించడానికి లిబ్రివాక్స్‌లో హక్కులు తీరిపోయిన పుస్తకాల ఆడియోలున్నాయి. ఉచ్చారణ మన పిల్లలకు కొరుకుడు పడటానికి కొన్ని రోజులు పడుతుంది.

దీక్ష అనే ప్రభుత్వ డిజిటల్ వేదిక గురించి చెప్పకపోతే ప్రభుత్వోద్యోగులుగా మీరు నన్ను అనుమానిస్తారు. 2017 సెప్టెంబరు 5న వచ్చింది. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినవి తెరుచుకుంటాయి. మంచీ చెడ్డా కలిసి ఉన్నాయి. కొన్ని చోట్ల పాఠాన్ని కెమెరా ముందు చదివేసిన వీడియోలే. కానీ అక్కడ ప్రతిదాని కిందా దాని లైసెన్సు ఏమిటో రాసి ఉంటుంది. చాలామంది అంత కిందికి దిగి చూడరు. ఇప్పుడు దాని దగ్గరికే వస్తున్నాను.

మన పాఠ్యపుస్తకం ఒకటి తీసి చూడండి. ఒక చోట ‘ప్రభుత్వంచే ఉచిత పంపిణీ’. రెండు పేజీల అవతల చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో, సర్వహక్కులూ ప్రభుత్వానివే, రాతపూర్వక అనుమతి లేకుండా ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ తిరిగి అచ్చు వేయరాదు, నిల్వ చేయరాదు అని. పుస్తకం ఉచితమే, దాన్ని ముట్టుకోవడం మాత్రం కాదు. 2019 నవంబరులో యునెస్కో సభ్యదేశాలు ఆమోదించిన సిఫారసు ప్రకారం బహిరంగ విద్యా వనరు అంటే డబ్బు లేకుండా దొరకడంతో పాటు తిరిగి వాడుకునే, మార్చుకునే, పంచిపెట్టే అనుమతి కూడా ఉండాలి. ఈ అనుమతిని తేలిగ్గా రాసిచ్చే పద్ధతి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. 2002 నుంచి ఉన్నాయి. సీసీ బై అని ఉంటే పేరు చెప్పి ఏమైనా చేసుకోవచ్చు. దానికి ఎస్ఏ తగిలిస్తే మీరు చేసిన మార్పునూ అదే షరతుతో పంచాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడొద్దు. ఎన్‌డీ అని ఉంటే మాత్రం వదిలేయండి. మార్పులు కూడదన్నారంటే తెలుగులోకి తిప్పి పంచడమూ కూడదన్నట్టే. తెలుగు మీడియం టీచరుకు ఎన్‌డీ సామగ్రి అద్దాల బీరువాలో పుస్తకం.

అన్నిటికీ భయపడనక్కర్లేదు. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ బోధనలో భాగంగా ఉపాధ్యాయుడో విద్యార్థో ఒక రచనను నకలు తీసుకోవడాన్ని ఉల్లంఘన కాదంటోంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రామేశ్వరి ఫోటోకాపీ దుకాణం మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు కేసు వేస్తే, 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు వాళ్ళ దావాను కొట్టేసింది. పాఠ్యాంశాల కోసం పుస్తకాల్లోంచి పేజీలు జిరాక్స్ తీసి కట్టలు కట్టి ఇవ్వడం మీద వచ్చిన గొడవ అది. ఆ ఏడాది డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనం కొన్ని అంశాలను తిరిగి విచారించమన్నా, మూల సూత్రాన్ని సమర్థించింది. 2017లో ప్రచురణకర్తలే కేసు వెనక్కి తీసుకున్నారు. అయితే ఇది బోధన వరకే. అవే పేజీలు యూట్యూబ్‌లో పెట్టి ఛానల్‌కు డబ్బులు రప్పించుకుంటే ఈ సెక్షన్ మీకు గొడుగు పట్టదు. సాహిత్యంలో అయితే రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్ళు లెక్క. గురజాడ, వీరేశలింగం, గిడుగు అందరి సొత్తు. జాషువా 2031 చివరి వరకు, శ్రీశ్రీ 2043 చివరి వరకు కాదు. ఈ లెక్క వేసుకోవడం ఏడో తరగతి పిల్లలకు మంచి అభ్యాసం కూడా.

అనుమతి ఎందుకంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ. ఒడిశాలో ప్రథమ్ బుక్స్ వాళ్ళు ‘ఆదికహానీ’ పేరుతో ముండా, కుయి, జువాంగ్, సౌరా భాషల్లో బొమ్మల కథల పుస్తకాలు వేశారు. సౌరా అంటే మన గిడుగు వారి సవరే. అవి స్టోరీవీవర్‌లో మార్చుకోవచ్చన్న అనుమతితో ఉన్నాయి. అక్కడ లిపి ఒడియా. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యంలో సవర పిల్లలకు తెలుగు లిపిలో కావాలి. బొమ్మలు అవే ఉంచి, కథను మన వైపు సవర మాటతీరుకు తిప్పి, తెలుగు లిపిలో రాసి అక్కడే ఎక్కించవచ్చు. ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. ఆ భాష తెలిసిన టీచరు ఒకరు, మధ్యాహ్నం ఖాళీగా ఉన్న కంప్యూటర్ ఒకటి ఉంటే చాలు. గిడుగు వారి పేరు మీద ఏటా శాలువాలు కప్పుకునే బదులు ఆయన పని కొనసాగించే మార్గం ఇది అని నా అభిప్రాయం. శాలువా నాకు కూడా కప్పుతారని తెలిసే అంటున్నాను.

తెలుగులో తక్కువ దొరుకుతాయన్నది నిజం. ‘వక్రీభవనం’ అని తెలుగులో వెతికితే దొరికేవాటిలో ఎక్కువ పరీక్షల గైడ్లు. దారి ఒకటుంది. ఇప్పుడు మన పాఠ్యపుస్తకాలు చాలావరకు ద్విభాషా పుస్తకాలు. ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో తెలుగు. ఇంగ్లీషు మాట పక్క పేజీలోంచే తీసుకోండి. ఆ మాటతో వెతికి, దొరికినదాన్ని తెలుగులో చెప్పండి. ఏఐ పరికరాలతో అనువాదం చేయించుకోవచ్చు, పని తేలికవుతుంది. పరిభాష మాత్రం పాఠ్యపుస్తకంతో సరిపోల్చుకోకుండా పిల్లల చేతికి ఇవ్వకండి. పుస్తకంలో ఒక పేరు, వర్క్‌షీటులో ఇంకో పేరు ఉంటే పిల్లలు రెండూ వేరనుకుంటారు.

ఇక పంచుకోవడం. 1980ల్లో ఏపీపెప్ ప్రాజెక్టు వచ్చినప్పుడు టీచర్స్ సెంటర్లు ఉండేవి. తరవాత డీపెప్, సర్వశిక్షా అభియాన్ కాలంలో ఏడాదికి ఐదొందలు టీచర్ గ్రాంటు ఇచ్చేవారు, దాంతో చార్టులు, ఫ్లాష్ కార్డులు, చింతగింజలు, పుల్లలు, టీఎల్ఎం మేళాలు. నవ్వుకునేవాళ్ళం గానీ ఆ మేళాల్లో ఒక మంచి ఉండేది. చేసినవాళ్ళు బల్ల వెనక నిలబడేవారు. ‘ఇది ఎక్కడ పనిచెయ్యలేదు?’ అని అడగడానికి మనిషి ఉండేవారు. వాట్సాప్ పీడీఎఫ్‌లో ఆ మనిషి లేరు. ఎవరో రాత్రంతా కూర్చుని గీసిన పటం మీద ఇంకెవరో తమ యూట్యూబ్ ఛానల్ పేరు అంటించుకుంటారు. మూడో చేతికి వచ్చేసరికి అసలు చేసినవాళ్ళ ఊరు కూడా తెలియదు. అలా పేరు పోగొట్టుకున్న టీచరు రెండోసారి పంచరు. అది దొంగతనమే. మనవాళ్ళ మధ్య జరుగుతోంది కదా అని మెత్తగా అంటున్నాం.

కాబట్టి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో కనీసం అరగంట దీనికి కేటాయించమని నా కోరిక. ఎవరికి వారు ఒక్క వనరు తీసుకొచ్చి, ఏ తరగతిలో, పిల్లలు ఎక్కడ ఆగితే వాడారో, ఏం బెడిసికొట్టిందో చెప్పాలి. లింకు ఒక్కటే చాలదు. కింద చేసినవాళ్ళ పేరు, లైసెన్సు, తాము మార్చినదేమిటో మూడు లైన్లు రాసి దీక్షలోనో స్టోరీవీవర్‌లోనో పెట్టాలి. ఇంటర్నెట్ లేని బడులకు కాంప్లెక్స్ హెడ్మాస్టరు గారి దగ్గర ఒక హార్డ్‌డిస్క్ ఉంటే సరిపోతుంది.

చివరగా ప్రభుత్వాలకు ఒక విన్నపం, రెండు రాష్ట్రాలకూ. పాఠ్యపుస్తకాల్లో ఆ చిన్న అక్షరాల వాక్యం తీసేసి సీసీ బై ఎస్ఏ అని ముద్రించండి. ఈ పుస్తకాలు ప్రజల డబ్బుతో, మనలాంటి టీచర్లే కమిటీల్లో కూర్చుని రాసినవి. హక్కులు విప్పితే చూపులేని పిల్లల కోసం ఆడియో చేసేవాళ్ళు, కోయలోకి, గోండిలోకి, లంబాడీలోకి తిప్పేవాళ్ళు, అమెరికాలో వారాంతపు తెలుగు బడులు నడిపేవాళ్ళు అనుమతి కోసం ఎస్‌సీఈఆర్‌టీకి ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోరు. ఇందుకు బడ్జెట్టు అక్కర్లేదు. వచ్చే ముద్రణకు ఒక పేజీ మారిస్తే చాలు. మంత్రిగారికి ఇవ్వదలచిన వినతిపత్రం బయట బల్ల మీద పెట్టాం. చదివి, ఒప్పుకున్నవాళ్ళు సంతకం పెట్టండి, ఒప్పుకోనివాళ్ళు ఎందుకో దాని వెనక రాయండి. ఇప్పుడు మీ ప్రశ్నలు. ముందు వెనక వరస నుంచి.